పదమూడు వందల ఇరవై ఏడు తర్వాత

నాకు అనుమానం ఎక్కువ. గొప్పకు చెప్పుకోవడం లేదు, సిగ్గుపడి చెప్పడమూ లేదు. పాలల్లో నీళ్ళు కలిశాయని నోట్లో పోసుకోకముందే చెబుతాను. చుట్టం ఏ పని మీద వచ్చాడో చెప్పులు విడుస్తుండగానే పసిగడతాను. పదింటిలో ఏడుసార్లు నా అనుమానమే నిజమవుతుంది. మిగతా మూడుసార్ల సంగతి ఎవరికీ చెప్పను. ఇప్పుడు చెప్పబోయేది ఆ మూడింటిలో ఒకటి.

ఈ బుద్ధి నాకు మగ్గం దగ్గర అబ్బింది. మాది కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న ఊరు. బాపు గుంటమగ్గం మీద ధోవతులు, తువ్వాలలు నేసేవాడు. బట్ట మగ్గం దిగాక షావుకారు వేలు పడకముందే ఇంట్లో వాళ్ళ వేలు పడాలి. ఆ పని నాది. కళ్ళు మూసుకుని బట్ట మీద గోరు నడిపించుకుంటూ పోవాలి. ఎక్కడైనా పోగు తప్పి సందు పడితే గోరు చటుక్కున దిగుతుంది. "బాపూ, గిక్కడ కునికినవు" అని చెప్పేదాన్ని. బాపు ఎదురు మాట్లాడేవాడు కాదు. సందు ఉందంటే నేసేవాడు కునికినట్టే, మా ఇంట్లో దానికి వేరే కారణం లేదు. పదేళ్ళు ఆ పని చేశాక లోకంలో ఎక్కడ సందు కనబడినా ఎవరో కునికారనే నా గోరు చెప్పేది.

చదువు ఎలాగో గట్టెక్కింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు సుల్తానాబాద్‌కు దగ్గరలోని ఒక ఊళ్ళో మిడిల్ స్కూలు లెక్కల టీచరుగా చేరాను. బడి మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. అద్దె గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఎవరు మంచిగా పలకరించినా వీళ్ళకు నాతో ఏం పని అని చూసేదాన్ని. తెలుగు పంతులు తన పెరటి జామకాయలు తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు. పెద్దమనిషి, మనవలున్నవారు. అయినా నేను వాటిని తినకుండా సాయంత్రం ఇంటికి పోతూ మేకలకు వేసేదాన్ని.

ఉర్దూ తరగతులకు లెక్కలు చెప్పే మాస్టరు వేరే ఉండేవారు. అందరూ మౌల్వీ సాబ్ అనేవారు. ఆయన మౌల్వీ ఏమీ కాదు, గడ్డం ఉన్న లెక్కల మాస్టరు, అంతే. యాభై ఏళ్ళు ఉంటాయి. మెడదాకా గుండీలు పెట్టిన షేర్వాణీ, చంకలో కాగితాల చుట్ట. ఆయనకు ఉన్న ఒకే ఒక్క దోస్తు తెలుగు పంతులు. పన్నెండింటికి ఇద్దరూ వరండాలో ఒకే బల్ల మీద కూర్చుని తెచ్చుకున్నది తినేవారు. ఒకరి డబ్బా ఒకరు ముట్టుకునేవారు కాదు కానీ పచ్చిమిరపకాయ మాత్రం పంచుకునేవారు. ఇరవై ఏళ్ళ స్నేహమట అది.

ఆ కాగితాల చుట్ట మీద నాకు మొదటిరోజే అనుమానం వచ్చింది. పోలీసు చర్య అయి పదేళ్ళు కూడా నిండలేదు. ఎవరి చేతిలో జాబితా కనబడినా అందులో ఎవరి పేర్లు ఉన్నాయో అని జనం జంకే రోజులు పూర్తిగా పోలేదు. ఒకసారి ఆయన నీళ్ళు తాగడానికి లేచినప్పుడు తొంగి చూశాను. పేర్లు లేవు, అన్నీ సంఖ్యలే. ఎర్ర సిరాతో పెద్ద సంఖ్యలు, ప్రతి రెండింటి నడుమ నల్ల సిరాతో ఒక చిన్న సంఖ్య. నా అనుమానం తగ్గలేదు, పెరిగింది. పేర్లను సంఖ్యల్లో దాచి రాయరని ఏముంది.

ఆయన నన్ను చూడనే చూశారు. కోప్పడలేదు. జేబులోంచి గుప్పెడు చింతగింజలు తీసి బల్ల మీద పోశారు.

"పన్నెండు తీస్కో బిడ్డా. సమానంగ వరుసలు పెట్టు."

మూడు వరుసలు, నాలుగేసి గింజలు పెట్టాను.

"ఇగ ఒక్కటి కలుపు. మళ్ళ పెట్టు."

రెండేసి పెట్టినా, మూడేసి పెట్టినా, నాలుగేసి పెట్టినా ఒక గింజ మిగిలిపోయింది. అన్నిటినీ ఒకే వరుసలో పెట్టడం తప్ప దారి లేదు.

"పదమూడు ఎవ్వని మాట వినది. ఇసొంటియి ఉర్దూల ముఫ్రద్ అంటం. మీ తెలుగు పుస్తకంల ఏమంటరు?"

"ప్రధాన సంఖ్యలు" అన్నారు పంతులు పక్కనుంచి, నేను నోరు తెరవకముందే. అది లెక్కల మాట, చెప్పాల్సింది నేను. ఆయన దోస్తు కాగితాలు ఆయనకు కంఠతా వచ్చినట్టున్నాయి.

మౌల్వీ సాబ్ చుట్ట విప్పారు. నిజాం కాలం నాటి ఖాళీ ఫారాలను వెనక్కు తిప్పి ఒకదానికొకటి అతికించారు. రెండు నుంచి మొదలుపెట్టి ఐదువేల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ వరుసగా ఉన్నాయి. పన్నెండేళ్ళు పట్టిందట.

"గివి ఎక్కడెక్కడున్నయో ఎవడన్న చెప్తడు, పాత పుస్తకాలల్ల ఉన్నయి. నాకు నడుమ ఎడం కావాలె. గీ నల్ల సిరాది జూడు. రెండు, నాలుగు, రెండు, నాలుగు, ఆరు. ముందుకు పోయినకొద్ది పల్చబడతయి. సంఖ్య పదింతలైతె సగటు ఎడం రెండుకు జర పైన పెరుగుతది. వెయ్యి కాడ సగటు ఏడు. గానీ సగటు లెక్క ఏదీ నడువది. ఒకపారి రెండు సంఖ్యలు పక్కపక్కకే వస్తయి, ఒకపారి ఇరవై దాక ఒక్కటి రాదు."

ఇంకో కాగితం మీద ఏ ఎడం ఎన్నిసార్లు వచ్చిందో చుక్కలు పెట్టుకున్నారు. రెండూ నాలుగూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. ఆరు అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చింది. పెద్దవి పోనుపోనూ తక్కువ. అంతకు ముందెప్పుడూ రానంత పెద్ద ఎడం వచ్చినచోట చుట్ట అంచున చిన్న జెండా గీశారు.

"మరి పెద్దది ఎప్పుడొస్తదో ముందుగాల చెప్పలేరా?" అన్నాను.

"ఆషాఢంల వారానికి సగటున రెండు వానలని చెప్పచ్చు. రేపు వడ్తదా అంటె ఎవడు చెప్తడు? పెద్ద ఎడం తర్వాత మళ్ళ దగ్గర దగ్గరగ వస్తయని గూడ లేదు. బాకీ తీర్చినట్టు తీర్చయి గవి."

"అంత పెద్ద ఖాళీలు నిజంగ ఉంటయా సాబ్? ఎక్కడో లెక్క తప్పిందేమో."

ఆయన నవ్వారు. "నీకు వరుసగ యాభై సంఖ్యల ఖాళీ కావాల్నా? జేసిస్త. రెండు నుంచి యాభై ఒకటి దాక అన్నింటిని గుణించు. వచ్చినదానికి రెండు కలుపు, గది రెండుతోని పోతది. మూడు కలుపు, మూడుతోని పోతది. ఇట్ల యాభై ఒకటి కలిపేదాక ఒక్కటి గూడ ముఫ్రద్ ఉండది. ఎంత పెద్ద ఖాళీ అడిగినా కట్టిస్త. గానీ గది నేను కట్టిన ఖాళీ. తనంతల తాను ఎప్పుడొస్తదో గదే పరేషాన్."

లెక్క సరిగ్గానే ఉంది. నాకు నమ్మకం కుదరనిది మనిషి మీద. లాభం లేని పని పన్నెండేళ్ళు ఎవరైనా చేస్తారా అని.

మరుసటి ఏడు ఉర్దూ తరగతుల్లో పిల్లలు తగ్గారు. బడికి ఇద్దరు లెక్కల మాస్టర్లు అక్కర్లేదు, ఒకరిని ఆదిలాబాద్ జిల్లాలో ఆసిఫాబాద్ అవతల అడవిలో ఉన్న ఒక బడికి పంపాలని కబురు వచ్చింది. చిన్నదాన్ని నేను, కాబట్టి పోవాల్సింది నేను. జ్వరాల నేల, బస్సు దిగి నాలుగు మైళ్ళు నడవాలి, ఉండటానికి గది దొరకదు అని విన్నాను. రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడో రోజు హెడ్‌మాస్టరు పిలిచారు. "మౌల్వీ సాబ్ క్లాసుల ఏవో కాగితాలు ముందటేసుకొని కూసుంటడట గద. ఆయన లెక్కలల్ల తప్పులున్నయని గూడ అంటున్నరు. నీకు తెలిసింది రెండు ముక్కలు రాసియ్యి. నీవు పోకుంట మిగతాది నేను చూసుకుంట."

ఎవరు అంటున్నారో ఆయన చెప్పలేదు. అందరినీ అనుమానించే నేను అది మాత్రం అడగలేదు.

నేను మౌల్వీ సాబ్ దగ్గరకు పోయి చుట్ట ఒకసారి చూసి ఇస్తానన్నాను. ఆయన దాన్ని తువ్వాలలో చుట్టి రెండు చేతులతో ఇచ్చారు. "తడి చేతులతోని ముట్టకు బిడ్డా" అన్నారు. పంతులు అక్కడే కూర్చుని చూస్తున్నారు.

ఆదివారం పొద్దున నా గదిలో చాప మీద చుట్ట పరిచాను. చదవలేదు. గోరు నడిపించాను. నల్ల సిరా సంఖ్యల మీదుగా పోయింది. 113 తర్వాత పద్నాలుగు, అక్కడొక జెండా. 523 తర్వాత పద్దెనిమిది, జెండా. 887 తర్వాత ఇరవై, 1129 తర్వాత ఇరవై రెండు. అంతవరకు మెట్లు ఎక్కినట్టు ఒద్దికగానే ఉన్నాయి. 1327 దగ్గర గోరు దిగింది. ఆ తర్వాతి ప్రధాన సంఖ్య 1361 అని రాసి ఉంది. ఎడం ముప్పై నాలుగు.

పైన చూశాను. 1301, 1303, 1307, 1319, 1321, 1327. ఇరవై ఏడు సంఖ్యల్లో ఆరు గుంపుగా వచ్చి, ఆ తర్వాత ముప్పై మూడు సంఖ్యల్లో ఒక్కటీ లేదు. ఇరవై రెండు నుంచి ఒక్క దూకులో ముప్పై నాలుగా. అక్కడి నుంచి ఐదువేల దాకా మళ్ళీ ఒక్క జెండా లేదు. మిగతా అంతటిలోనూ అన్నిటికన్నా పెద్ద ఎడం ముప్పై. బాపు కునికిన చోటు ఎంత బాగా తెలిసేదో ఇదీ నాకు అంత బాగా తెలిసింది.

అయినా లెక్కల టీచరును కదా, ఒకదాన్ని పట్టుకుని చూశాను. 1349. రెండుతో పోదు, మూడుతో పోదు, ఐదుతో పోదు. ఏడుతో పోలేదు. పదకొండుతో పోలేదు. పదమూడుతో పోలేదు. మా రోజుల్లో ఎక్కాలు పదహారు దాకా నోటికి వచ్చేవి. అంతవరకు నోటితోనే చూశాను. ఆ తర్వాత కష్టపడి కాగితం మీద పదిహేడుతో భాగించాను. ఆరు మిగిలింది. ఇంకేం, ఇది ప్రధాన సంఖ్యే, ఈయన వదిలేశాడు అనుకుని కలం పెట్టేశాను. ఇంకొక్క భాగహారం చేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. సగం అలసట, సగం నాకు కావలసింది దొరికిందన్న సంతోషం. ఆ సంతోషాన్ని అనుమానించాల్సింది, అదొక్కదాన్నే అనుమానించలేదు.

హెడ్‌మాస్టరుకు నాలుగు వాక్యాలు రాసిచ్చాను. మౌల్వీ సాబ్ దృష్టి పాఠం మీద లేదని, ఏళ్ళ తరబడి చేసిన పట్టికలోనే 1349 వంటి ప్రధాన సంఖ్యలు వదిలేశారని. చుట్ట మౌల్వీ సాబ్‌కు తిరిగి ఇచ్చేసి, కాగితం మడిచి హెడ్‌మాస్టరు చేతికే ఇచ్చాను. హెడ్‌మాస్టరు చదువు ఉర్దూలో సాగింది, తెలుగులో కాగితాలు నడపడం అప్పుడే మొదలైంది. నా కాగితం ఎలా ఇచ్చానో అలాగే పైకి పోయిందనుకున్నాను.

నెల తిరగకుండానే ఉత్తర్వు వచ్చింది. అడవికి పోవాల్సింది మౌల్వీ సాబ్. గణితంలో పొరపాట్లు చేస్తున్నట్టు సహోపాధ్యాయుల ద్వారా తెలిసిందని అందులో ఒక వాక్యం. ఎక్కడి పొరపాటో, ఏ సంఖ్యో లేదు.

ఆ రోజు పన్నెండింటికి నేను ఆరో తరగతి గుమ్మంలో సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నాను. వరండాలో బల్ల మీద డబ్బాలు రెండూ మూత తీయకుండా ఉన్నాయి.

"నా కాగితాలు ఇద్దరే ముట్టిన్రు" అన్నారు మౌల్వీ సాబ్ పంతులుతో. "ఒకరు నీవు. ఇంకొకరు నా బిడ్డ అసొంటిది. గీ కాగితాలతోని ఏమొస్తది సాబ్ అని హెడ్‌మాస్టర్ ముందట అన్నది ఎవరు? నీవే గద."

"నవ్వులాటకు అన్న. నేను రాయలే సాబ్."

"నీవు కాకుంటె ఎవరు?"

పంతులు తల వంచుకున్నారు. మౌల్వీ సాబ్ తన డబ్బా తీసుకుని అవతలి చెట్టు కిందికి పోయి కూర్చున్నారు.

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పైగా నాకు ఊపిరి తిరిగింది, అది కూడా చెప్పుకోవాలి. ఆయన పంతులును అనుమానిస్తున్నారు, నన్ను కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆ వారమంతా ఎవరు పిలిచినా ఉలిక్కిపడుతూ తిరిగాను. మౌల్వీ సాబ్ పెట్టెతో బస్సు ఎక్కిన రోజు, పిల్లలకు బాగా చెప్పు బిడ్డా అని నాతో చెప్పి పోయారు. పంతులు వైపు చూడలేదు.

ఆ నిశ్చింత నాకు ఐదు నెలలు కూడా దక్కలేదు. ఏడో తరగతిలో గుణకారాలు ఇచ్చాను. ఒక అమ్మాయి బోర్డు మీద డెబ్బై ఒకటిని పంతొమ్మిదితో గుణించి జవాబు రాసింది. 1349. ఈ సంఖ్య ఎక్కడో చూశాననుకున్నాను. హెడ్‌మాస్టరుకు రాసిచ్చిన సంఖ్యే అది, బోర్డు దగ్గరకు పోయి గుణకారం మళ్ళీ చేశాను. ఆ పిల్ల, లెక్క తప్పు చేశానా అని అడిగింది. లేదు, నువ్వు సరిగ్గానే చేశావన్నాను.

గదికి వచ్చి తలుపు వేసుకుని అన్నీ భాగించాను. రెండు, మూడు, ఐదులతో పోయేవి పోగా మిగిలినవి ఎనిమిది. 1331 పదకొండుతో పోయింది, 1333 ముప్పై ఒకటితో, 1337 ఏడుతో, 1339 పదమూడుతో, 1343 పదిహేడుతో, 1349 పంతొమ్మిదితో, 1351 మళ్ళీ ఏడుతో, 1357 ఇరవై మూడుతో. ఒక్కటీ మిగల్లేదు. ముప్పై మూడు సంఖ్యల ఖాళీ నిజమైన ఖాళీ. ఆయన కునకలేదు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు బాపుకు చెప్పాను. ఇంకెవరికీ చెప్పే ధైర్యం లేదు. బాపు కండెకు నూలు చుట్టుకుంటూ విన్నాడు.

"గోరుతోని చూసినవా, కండ్లతోని చూసినవా?"

"గోరుతోనే."

"తువ్వాలకు తువ్వాలకు నడుమ జానెడు నేయకుంట విడుస్తం గద, కుచ్చులకు. గక్కడ గూడ గోరు దిగుతది. గక్కడ నేను కునికిన్నా?"

ఆ కుచ్చులు పదేళ్ళు ముడివేసింది నేనే.

ఉత్తరం రాద్దామని ఎన్నిసార్లో మొదలుపెట్టి చించేశాను. రాస్తే ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందో, నా ఉద్యోగం ఏమవుతుందో. దాని బదులు ఆయన ఆపిన ఐదువేల దగ్గర నుంచి నేను పట్టిక మొదలుపెట్టాను. పశ్చాత్తాపం అంటే బాగుంటుంది కానీ మొదట్లో అది కాదు. ముప్పై నాలుగు నిజమైతే దాన్ని మించింది ముందెక్కడో ఉండాలి, లేకపోతే ఇందులో ఇంకేదో మతలబు ఉన్నట్టే, అదీ నా ఆలోచన. బడి అయ్యాక, తీరిక దొరికిన వారం ఆరేడు సంఖ్యలు. 5591 తర్వాత ముప్పై రెండు వచ్చింది. ఆరువేలు, ఏడువేలు గడిచాయి. 8467 తర్వాత సరిగ్గా ముప్పై నాలుగు వచ్చింది, ఆ రోజు అన్నం వండుకోలేదు. దాన్ని ముట్టింది కానీ మించలేదు. పంతులు నా బల్ల దగ్గర ఆగి, ఏం రాస్తున్నవు బిడ్డా అని అడిగేవారు. నేను కాగితం బోర్లించేదాన్ని. ఆయన జామకాయ పెట్టి పోయేవారు. ఈయన నన్ను కనిపెట్టి చూస్తున్నారని నాకు గట్టి అనుమానం. కొన్నాళ్ళకు ఆయన రిటైరయ్యారు. అయినా కాయల కాలంలో ఎవరో ఒక పిల్లతో పంపించేవారు.

ఎనిమిదో ఏడు 9551 దగ్గరికి వచ్చాను. తర్వాతిది 9587. ఎడం ముప్పై ఆరు. మూడుసార్లు చూసుకున్నాను, ఈసారి తొంభై ఏడు దాకా ప్రతి ప్రధాన సంఖ్యతో. 1327 తర్వాత ఎనిమిదివేల సంఖ్యలు దాటితే కానీ దాన్ని మించింది రాలేదు. నేను పొరపాటనుకున్నది ఆ సంఖ్యల స్వభావమే. అప్పుడు ఏడుపు వచ్చింది. ఇక ఉండబట్టలేదు.

పెద్దపల్లిలో రైలు ఎక్కాను. మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి దాటి ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగేసరికి తెల్ల చీర మీద బొగ్గు నుసి పడింది. బస్సు దిగి నడిచాను. నాలుగు మైళ్ళు కాదు, ఒకటిన్నరే.

మౌల్వీ సాబ్ ఆ ఏడే రిటైరై బడి పక్కనే పెంకుటింట్లో ఉంటున్నారు. గడ్డం పూర్తిగా నెరిసింది. మాటల్లో రెండు మూడు మరాఠీ ముక్కలు చేరాయి. నన్ను గుర్తుపట్టి మంచం వాల్చారు. నేను కూర్చోకుండానే నా కాగితం చేతిలో పెట్టాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చివరి వరుస చూశారు.

"ముప్పై ఆరు" అన్నారు. "జర ఆగు."

పలక తీసి 9551కీ 9587కీ నడుమ ఒక్కొక్క సంఖ్యనూ భాగించడం మొదలుపెట్టారు. 9553 నలభై ఒకటితో పోయింది. 9557 పంతొమ్మిదితో పోయింది. చాయ్ కూడా ఇవ్వలేదు. గంట పైన పట్టింది. నా మాట నమ్మకుండా ఒక మనిషి నా ముందే నా లెక్క సరిచూస్తుంటే నాకు కోపం రాలేదు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి హాయిగా అనిపించింది.

"సహీ" అన్నారు చివరికి. "నిన్ను నమ్మక కాదు బిడ్డా, లెక్క గద."

"మీరు ఎంతదాక వచ్చిన్రు సాబ్?"

ఆయన గోడకు తగిలించిన చుట్ట వైపు చూశారు. అది అంతే ఉంది, అంత మందమే. "ఐదువేల కాడనే ఆగిపోయిన. పొరపాటున్నదని రాసిన్రు, ఎక్కడున్నదో రాయలే. ఎక్కడ తప్పు పోయిన్నో అని రెండు కాన్నుంచి మళ్ళ చూసుకుంట వచ్చిన. ఇప్పటికి నాలుగుసార్లయింది. దొరకలే."

నాలుగుసార్లు. ఎనిమిదేళ్ళు లేని తప్పును వెతికారు.

"తప్పు లేదు సాబ్" అన్నాను. "1349 ముఫ్రద్ అనుకున్న. పదిహేడు కాడ ఆపిన. పంతొమ్మిది చూడలే. రాసిచ్చింది నేను."

ఆయన పలక మీది సుద్దను చేత్తో మెల్లగా తుడిచారు. నన్ను తిడతారని చూశాను. తిట్టలేదు. "రెండుసార్లు వచ్చిండు" అన్నారు.

"ఎవరు సాబ్?"

"పంతులు. గా పెద్దపల్లిల రైలెక్కి గీ అడివికి, ఈద్ నాడు. బయట నిలవడి పిలిచిండు. నేను తలుపు తీయలే. రెండుసార్లు గూడ తీయలే." గోడ మీది చుట్ట దించి, "పొద్దుగాల ఎన్నింటికి ఉన్నది రైలు?" అన్నారు.

ఆ రాత్రి పక్కింటి వాళ్ళింట్లో పడుకున్నాను. మరుసటి రోజు రైల్లో ఆయన చుట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బెల్లంపల్లిలో, "ఆయన తలుపు తీస్తడంటవా?" అని అడిగారు.

మధ్యాహ్నం పంతులు ఇంటి ముందు ఇద్దరం నిలబడ్డాం. మౌల్వీ సాబ్ పిలవలేదు. నేనే తలుపు తట్టాను. పంతులు తీశారు. మౌల్వీ సాబ్‌ను చూశారు, చంకలో చుట్టను చూశారు, తర్వాత నన్ను చూశారు.

"చెప్పినవా బిడ్డా?" అన్నారు నాతో.

"మీకు తెలుసా సార్?"

"తెలువకేం. హెడ్‌మాస్టర్‌కు తెలుగు రాసుడు వస్తదా? కాగితాలన్ని సాపు రాసింది నేనే. నీదీ నేనే రాసిన, నా చేత్తోని."

మౌల్వీ సాబ్ తలుపు చెక్క పట్టుకున్నారు. "మరి నాడు వరండాల నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు ఊకుందువా? పైకి రాస్తువు. గీ పిల్లను పంపుదురు గా అడివికి, ఒక్కదాన్ని. చెప్పకుంటె నువ్వు పోయినవు. ఎట్ల చేసినా ఒకరు పోవుడే. తర్వాత చెప్తమని వస్తె నువ్వు తలుపు తీయకపోతివి."

"నన్నన్నా అడగచ్చు గద సార్" అన్నాను.

"అడుగుతనే ఉన్న గద. కాయలు పెట్టుకుంట. ఎప్పుడన్న నువ్వే చెప్తవని." ఆ తర్వాత దోస్తు వైపు తిరిగి, "లోపలికి రా. ఎంతదాక వచ్చినవు?" అన్నారు.

"నేను ఐదువేల కాడనే ఉన్న. బిడ్డ తొమ్మిదివేల అయిదువందల ఎనభై ఏడు దాక వచ్చింది."

ఇద్దరూ చాప మీద కూర్చుని చుట్ట విప్పారు. 1327 దగ్గర ఒకరు వేలు పెడితే ఇంకొకరు వంగి చూశారు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. పంతులు కోడలు పళ్ళెంలో మూడు గ్లాసుల చాయ్ తెచ్చి పెట్టింది. మూడోది ఎవరికోసమో నాకు అర్థం కాలేదు. ఇంకా ఎవరో వస్తున్నారనుకుని వీధి వైపు చూశాను.